పద్దెనిమిదో ముక్క

"ఇవాళ గురువారమేనా?" అని టీచరమ్మ నాలుగోసారి అడిగింది.

"గురువారమే అత్తయ్యా. రేపు పొద్దుటిదాకా గురువారమే. మధ్యలో మార్చమని పైనుంచి ఆర్డరేమీ రాలేదు," అన్నాడు అల్లుడు, గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల లేసులు బిగించుకుంటూ. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అతనిది. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళతో తలుపు బయటినుంచి మాట్లాడి మాట్లాడి, ఎదుటి మనిషిని కంగారు పెట్టకుండా జవాబు చెప్పడం అలవాటైపోయింది.

టీచరమ్మ నవ్వింది. ఆ నవ్వు మాత్రం ఏమీ మారలేదు. దాన్ని చూస్తే కూతురికి ఒక్కోసారి ఒళ్ళు మండేది. అన్నీ పోతున్నప్పుడు ఆ నవ్వొక్కటే నిక్షేపంలా ఎందుకుండాలి?

"నా ముక్క ఏదే?"

"ఇస్త్రీ చేసి కవర్లో పెట్టానమ్మా. ఇక్కడ తియ్యకు, నలిగిపోతుంది. క్లబ్బులోనే తీద్దువుగాని."

"నువ్వెందుకు చేశావే ఇస్త్రీ? నేను చేసుకోలేనా?" అంది టీచరమ్మ. కిందటి నెలలో ఇస్త్రీపెట్టెను చీర మీదే వదిలేసి పెరట్లోకి వెళ్ళిన సంగతి ఆమెకు గుర్తులేదు. కూతురు గుర్తు చెయ్యలేదు.

తల్లి సంచీ వెతుక్కుంటూ లోపలికి వెళ్ళగానే అల్లుడు గొంతు తగ్గించి అన్నాడు. "ఇది పద్దెనిమిదోది. ఇంకెన్నాళ్ళు చేస్తావు?"

"చేసినన్నాళ్ళు."

"ఆవిడకి తెలిస్తే?"

"ఏ రోజో కూడా తెలియని మనిషికి ఇదేం తెలుస్తుందండీ?" అని, ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు కూతురు మొహం తిప్పుకుంది.

విషయం చెప్పాలంటే ముందు ఆ మహిళా క్లబ్బు గురించి చెప్పాలి. బస్సు డిపో వెనక సందులో రెండంతస్తుల పాత భవనం. సోమవారం నడక బృందం, మంగళవారం పుస్తకాల బృందం, బుధవారం పాటలు, గురువారం కుట్టు, శుక్రవారం మొక్కలు. నడకవాళ్ళు నడిచేది తక్కువ, ఆగి మాట్లాడేది ఎక్కువ. పుస్తకాల బృందంలో పుస్తకం పూర్తిచేసి వచ్చేది ఒకే ఒక్కావిడ, ఆమెను మిగతావాళ్ళు కాస్త అనుమానంగా చూస్తారు. కుట్టువాళ్ళ దగ్గర మాత్రం ఈ ఆటలు సాగవు. ఎందుకంటే ఆ బృందాన్ని పెట్టింది టీచరమ్మ. బళ్ళో ముప్పై ఏళ్ళు కుట్టుపని నేర్పి, అది చాలనట్టు ఇక్కడికొచ్చి, తనకంటే పెద్దవాళ్ళు కూడా సూదితో వేళ్ళు పొడుచుకునేలా చేసిన మనిషి.

ప్రతి సభ్యురాలూ నెలకొక గుడ్డముక్క మీద ఒక పువ్వో తీగో కుట్టి తేవాలి. నెలాఖరు గురువారం ముక్కలన్నీ కలిపి చిన్న బొంత చేస్తారు, ఉతికి ఆస్పత్రిలో పుట్టిన పిల్లల వార్డుకి పంపిస్తారు. దానికొక రూలుంది. వరసగా మూడు నెలలు ముక్క ఇవ్వని సభ్యురాలిని గౌరవ సభ్యురాలిగా ప్రకటించాలి. అంటే గోడ మీద చట్రంలో పేరు ఎక్కుతుంది, బల్ల దగ్గర కుర్చీ పోతుంది. ఆ రూలు రాసింది కూడా టీచరమ్మే. "చేతకానప్పుడు మర్యాదగా లేవాలి," అనేది అప్పట్లో. చేతులు నిండుగా పనిచేస్తున్న రోజులవి.

ఏడాదిన్నర కిందట డాక్టరు తెర మీద మెదడు ఫోటో చూపించి, "పోయింది వెనక్కి రాదమ్మా. ఉన్నదాన్ని కొన్నాళ్ళు పట్టుకోవడమే," అని చెప్పాడు. ఆ వారమే కూతురు తల్లి కుట్టిన ముక్కను మొదటిసారి మడత విప్పి చూసింది. పెన్సిలుతో గీసిన తీగ ఒకవైపు పోతుంటే దారం ఇంకోవైపు పోయింది. ఆకు ఉండాల్సిన చోట ఏమీ లేదు. పువ్వు ఒకదాని మీద ఒకటి మూడుసార్లు కుట్టి ఉంది.

గురువారం తప్ప అమ్మకి ఏముంది? బడి పోయింది, తాళాలు పోయాయి, పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. ఆ కుర్చీ కూడా పోతే? కూతురు ఆ ముక్కను తన షాపుకి తీసుకెళ్ళింది. ఆమె పని కళ్ళద్దాల షాపులో, ఫ్రేముల్లో అద్దాలు బిగించడం. భోజనాల వేళ షాపు ఖాళీగా ఉంటుంది, బల్ల మీద భూతద్దం దీపం ఉంటుంది. దాని కింద పెట్టి, చిన్న కత్తెరతో తల్లి కుట్టిందంతా ఒక్కో పోగే తెంపి, లాగి, దారం ముక్కల్ని చెత్తబుట్టలో పడేసింది. తర్వాత అదే తీగ, అదే పువ్వు తను కుట్టింది. చిన్నప్పుడు తల్లి నేర్పిన పనే కదా.

అలా పదిహేడు నెలలు గడిచాయి. క్లబ్బులో ఎవరూ ఏమీ అనలేదు. టీచరమ్మ కుర్చీ టీచరమ్మకే ఉంది. ఆ గురువారం కూడా అలాగే గడిచిపోయేదే, కొత్త ప్రెసిడెంటు లేకపోతే.

కొత్త ప్రెసిడెంటు డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషి. గెలిచి ఇరవై రోజులు కూడా కాలేదు. మంచిదే, కాని ఏ పనైనా హారన్ కొట్టుకుంటూ చేస్తుంది.

"అందరూ వచ్చారా? ఇవాళ మనం పాత ఆట ఒకటి ఆడదాం. మినిట్సు పుస్తకాలు తిరగేస్తుంటే కనిపించింది. ముక్కలన్నీ బోర్లా పెట్టి, వెనకవైపు చూసి ఎవరిదో చెప్పడం! అంత మంచి ఆట ఎందుకు మానేశారండీ?"

కిటికీ పక్కన కూర్చున్న బ్యాంకు పిన్ని తలెత్తింది. బ్యాంకులో రిటైరైన మనిషి, పాతికేళ్ళుగా టీచరమ్మ పక్క కుర్చీ ఆమెది. కూతురు నోరారా పిన్ని అని పిలుస్తుంది. "ఇప్పుడెందుకులెండి. టైమైపోతోంది, ముందు కలిపేద్దాం," అంది గబగబా.

"ఐదు నిమిషాల పనండీ!"

"ఆడదాం," అంది టీచరమ్మ. కుర్చీలో నిటారుగా కూర్చుంది. "వెనకవైపు చూడందే కుట్టు ఏం తెలుస్తుంది? ముందువైపు అందరూ పెద్దమనుషులే."

అందరూ నవ్వారు. కూతురు గోడ దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. లేచి వెళ్ళి ఆ కవరు లాక్కోవాలనిపించింది. కాని అప్పటికే ప్రెసిడెంటు కవర్లన్నీ ఖాళీ చేసి, పద్నాలుగు తెల్లటి ముక్కల్ని బల్ల మీద బోర్లా పరిచేసింది.

టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని మొదటి ముక్క మీద ఎడమచేతి వేళ్ళు ఆనించింది. ఆమెది ఎడమచేతి వాటం. పొద్దున్న ఏం తిందో చెప్పలేని మనిషి, ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"ఇది బ్యాంకుదానిది. దారం అయిపోతుందని పీనాసితనం, కొస వదలదు. ఇది మొక్కలావిడది, మట్టి చేతులతోనే కుడుతుంది, చూడు. ఇది... ఈ పిల్ల పేరేమిటే, పొట్టిపిల్ల, గట్టిగా లాగుతుంది, గుడ్డ ముడుచుకుపోతుంది. ఎన్నిసార్లు చెప్పాను!"

చప్పట్లు మోగాయి. పొట్టిపిల్లకు యాభై ఏళ్ళు, సిగ్గుపడి మొహం కప్పుకుంది. కూతురు ఊపిరి బిగబట్టి చూస్తోంది. అంతసేపు ఆమె తల్లి పాత తల్లిలాగే ఉంది. భయంలోనే ఒక ఆశ లేచింది, డాక్టరు పొరబడ్డాడేమోనని.

తొమ్మిదో ముక్క దగ్గర టీచరమ్మ చెయ్యి ఆగింది. బొటనవేలితో ఒకచోట రుద్ది చూసింది. మళ్ళీ రుద్దింది. మొహం మెత్తబడింది.

"ఇది మా అమ్మాయిది," అంది.

బ్యాంకు పిన్ని కళ్ళు దించుకుంది.

"రెండు ముళ్ళు వేస్తుంది. మొదట్లో రెండు, చివర్లో రెండు. ముడే వెయ్యకూడదే, కొస కుట్టు కింద దాచాలి అంటే వినదు. ఏడేళ్ళప్పటినుంచీ అంతే." ప్రెసిడెంటు వైపు తిరిగి అడిగింది. "మా అమ్మాయి ఎప్పుడు చేరింది ఇందులో?"

ప్రెసిడెంటు బిక్కమొహం వేసింది. టీచరమ్మ మిగిలిన ఐదు ముక్కల్నీ ఒక్కొక్కటే తడిమి చూసింది. అన్నిటికీ మనుషులున్నారు. మళ్ళీ మొదటికి వచ్చి మొత్తం వెతికింది. "మరి నాదేదీ? నేను కుట్టానే. రోజూ కుట్టాను. నాదేదీ?" కుర్చీ కిందికి వంగి చూసింది, సంచీ బోర్లించింది. వేలి తొడుగు దొర్లుకుంటూ వెళ్ళి గోడకు కొట్టుకుంది.

కూతురు ఒక్క అంగలో వచ్చి తల్లి భుజాలు పట్టుకుంది. "అమ్మా, ఇంటికెళదాం. ఇంట్లో ఉంది. పద."

టీచరమ్మ ఆమె మొహంలోకి చూసింది. చూపు ఒక్కసారిగా తేటపడింది. బళ్ళో వెనక బెంచీ దాకా వెళ్ళే చూపు అది.

"విప్పేశావా?"

కూతురు ఆమె భుజాల మీంచి చేతులు తీసేసింది.

"నిన్నే అడుగుతున్నది. నేను కుట్టింది విప్పేసి నువ్వు కుట్టావా?"

"అది కాదమ్మా... నీ కుర్చీ..."

"ఎన్ని?"

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఎన్ని విప్పావు?"

"పద్దెనిమిది," అంది కూతురు. అని, ఇక దాచలేక గట్టిగా అరిచింది. "ఏం చెయ్యమంటావు మరి? తీగ ఒకవైపు, దారం ఒకవైపు! ఆ రూలు రాసిందెవరు? నువ్వు కాదూ? చేతకానివాళ్ళు లేవాలి అన్నదెవరు? నిన్ను లేపేస్తుంటే నేను చూస్తూ కూర్చోవాలా?"

చేతకానివాళ్ళు అన్న మాట ఆ గదిలో అలాగే నిలిచిపోయింది. టీచరమ్మ లేచింది. బల్ల మీది ముక్కను తీసి మడిచి, సంచీలో పెట్టుకుంది. మెల్లగా మెట్ల వైపు నడిచింది.

కూతురు వెంట వెళ్ళబోతుంటే బ్యాంకు పిన్ని చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"మాకు మొదటి నెలలోనే తెలుసే, అవి నీ కుట్లని."

"ఎలా?"

"తీగలకి వేసే కాడ కుట్టు ఎడమచేత్తో కుడితే ఒకవైపుకి వాలుతుంది, కుడిచేత్తో కుడితే ఇంకోవైపుకి. మేమంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళమేగా, ఆ మాత్రం కనిపించదా? అందుకే ఆ ఆట మానేశాం. కొత్తావిడకి చెప్పడం మర్చిపోయాను, నాదే తప్పు."

రోజంతా కుడికంటికీ ఎడమకంటికీ తేడా చూసి అద్దాలు బిగించే కూతురికి ఆ వాలు తట్టనే లేదు.

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఆవిడ కుట్టడం మానేసిందనుకున్నాం. పోనీలే, తల్లి బదులు పిల్ల కుడుతోంది, ఆవిడ వచ్చి కూర్చుంటే అదే చాలనుకున్నాం," అంది పిన్ని. "ఆవిడ కుడుతూనే ఉందని, నువ్వు విప్పేస్తున్నావని మాకేం తెలుసే? అలాగే తెచ్చి ఇచ్చినా కలిపేవాళ్ళం. తీగ పక్కకి పోతే ఏమవుతుంది, పుట్టిన పిల్లలు అడుగుతారా? ఆ రూలు ఎవరు చూశారే ఇన్నాళ్ళూ?"

కూతురు గోడ పట్టుకుంది. పదిహేడు బొంతలు. అన్నిటిలో అమ్మ ముక్క చోట తన ముక్కలే. అమ్మ చేతి కుట్టు ఒక్కటీ ఎక్కడా లేదు. ఉన్నవన్నీ తను భూతద్దం పెట్టి మరీ వెతికి, ఒక్క పోగు కూడా మిగలకుండా చెత్తబుట్టలో వేసింది. ఇక ముందు అవి ఎక్కడినుంచి వస్తాయి?

బస్సులో తల్లీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. మూడు స్టాపులు దాటాయి. తర్వాత టీచరమ్మ కిటికీలోంచి చూస్తూనే అంది.

"జేబురుమాలు గుర్తుందా నీకు?"

కూతురు ఉలిక్కిపడింది. గుర్తులేకపోవడమేమిటి? ఏడేళ్ళప్పుడు బడి పోటీకి జేబురుమాలు మీద పడవ కుట్టుకుంది. పడుకుని లేచేసరికి పడవ మారిపోయింది. గీసినట్టే ఉంది, దానికి మొదటి బహుమతి వచ్చింది. వేదికెక్కి కప్పు తీసుకుని దిగి, బడి వెనక కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాతినుంచే రెండేసి ముళ్ళు వేయడం మొదలుపెట్టింది, విప్పడానికి కష్టం కావాలని. తల్లి ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

"నీది విప్పేశాను. టీచరు కూతురు అలా కుడితే నవ్వుతారని," అంది టీచరమ్మ. "నీ పడవ నాకిప్పుడు గుర్తులేదే. నేను కుట్టింది గుర్తుంది. నీది ఎలా ఉండేదో ఎంత తల బద్దలుకొట్టుకున్నా రావడం లేదు."

"పోనీలేమ్మా."

"పోనీలేమిటే! పోయింది," అని టీచరమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. దిగాల్సిన స్టాపు వచ్చినా ఇద్దరూ లేవలేదు. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచారు. ఇల్లు చేరేసరికి టీచరమ్మ, "ఇవాళ గురువారమేనా? క్లబ్బుకి వెళ్ళొద్దా?" అని అడిగింది.

మర్నాడే కూతురు కొత్త ముక్క, పసుపు దారం, సూది తెచ్చి తల్లి ముందు పెట్టింది. గీత కూడా గియ్యలేదు. "నీ ఇష్టం వచ్చినట్టు కుట్టమ్మా. నేను ముట్టుకోను," అంది. టీచరమ్మ సూదిని వెలుతురుకి ఎత్తి చూసింది, కాసేపు అటూ ఇటూ తిప్పింది, బల్ల మీద పెట్టేసింది. వారం పోయాక మళ్ళీ ఇస్తే, "నువ్వు కుట్టెయ్ లే," అంది. ఇంకో నెలకి సూది ఏమిటన్నట్టు చూసింది. క్లబ్బువాళ్ళు కుర్చీ తియ్యలేదు. పిన్ని వచ్చి తీసుకెళ్తానంది. టీచరమ్మ పిన్నిని, "మీరెవరండీ?" అని మర్యాదగా అడిగింది. పిన్ని వీధిలోకి వెళ్ళాక ఏడ్చింది.

అల్లుడు మాత్రం రోజూ పొద్దున్న, "ఇవాళ గురువారం అత్తయ్యా," అని తనే చెప్పేవాడు, ఏ రోజైనా సరే. ఆమె నవ్వేది. కొన్నాళ్ళకి అతను చెప్పినా నవ్వడం మానేసింది. ఇరుక్కున్న మనిషితో బయటినుంచి మాట్లాడటం తెలిసిన అల్లుడికి కూడా ఇంకేం చెప్పాలో తోచలేదు.

ఒక ఆదివారం కూతురు బీరువా సర్దుతుంటే తల్లి సంచీ అడుగున ఆ పద్దెనిమిదో ముక్క కనిపించింది. బొంతలో కలవలేదు కాబట్టి ఉతకని ముక్క. కిటికీ దగ్గర దులపబోతే గుడ్డలోంచి ఎండ వచ్చింది. తన కుట్ల పక్కన, గీత దాటి అవతలికి, సూది పొడిచిన సన్నటి చిల్లులు. ముందు కొన్నే కనిపించాయి. కళ్ళు అలవాటు పడ్డాక వరస తెలిసింది. తీగ వదిలేసి పైకి వెళ్ళి, అంచు దాకా పోయి, దారి తప్పినట్టు ఆగి, మళ్ళీ వెతుక్కుంటూ వెనక్కి వచ్చిన వరస.

విప్పినప్పుడు దారం పోయింది, చిల్లులు పోలేదు. మిగతా పదిహేడింటి చిల్లులూ ఉతుకులో పూడుకుపోయి ఉంటాయి. ఇదొక్కటే ఉంది.

ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. తను కుట్టిందంతా విప్పేసింది. రెండేసి ముళ్ళు విప్పడానికి గోళ్ళు నొప్పిపుట్టాయి. సూది ఎడమచేత్తో పట్టుకుంది. ఆ చెయ్యి చెప్పినట్టు వినలేదు, వేళ్ళు పొడుచుకున్నాయి. అయినా గుడ్డను ఎండకి పట్టుకుని, తల్లి పొడిచిన చిల్లుల్లోంచే ఒక్కొక్కటిగా దారం పోనిచ్చింది. ముడి వెయ్యలేదు. కొస కుట్టు కింద దాచింది. అలా మూడు మధ్యాహ్నాలు పట్టింది.

అయ్యాక తీసుకెళ్ళి తల్లి ఒళ్ళో పెట్టింది. టీచరమ్మ చాలాసేపు ఊరికే చూసింది. తర్వాత ఆ ఎడమచెయ్యి దానంతటదే కదిలింది, ముక్కను బోర్లా తిప్పింది. బొటనవేలు ముడి కోసం వెతికింది.

"ముడి లేదు," అంది మెల్లగా. చాలా రోజుల తర్వాత వచ్చిన మాట. "ఎవరిదమ్మా ఇది?"

ఆ 'అమ్మా' కూతుర్ని ఉద్దేశించింది కాదు, ఎవరో పరాయి ఆడమనిషిని. అది కూతురికి తెలుసు.

"మీదేనండీ టీచరుగారూ," అంది.

టీచరమ్మ ముక్కను మళ్ళీ ముందుకు తిప్పింది. గీత దాటిపోయిన తీగ వెంట వేలు నడిపింది, అంచు దాకా వెళ్ళి ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. బళ్ళో ముప్పై ఏళ్ళు చెప్పిన మాట ఎక్కడినుంచో పైకి వచ్చింది.

"వంకరగా ఉంది. విప్పెయ్."

కూతురు ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"విప్పనమ్మా," అంది. "ఇది విప్పను."